నిద్రపోయే పిల్ల పేరు

శనివారం పొద్దున బెంగళూరు యలహంకలో ఒక బడి హాల్లోకి అడుగు పెట్టానో లేదో, పాత జంపఖానాల వాసన ముక్కుకు తగిలింది. ఎప్పుడో వార్షికోత్సవానికి పరిచి, ఆ తర్వాత మడిచి మెట్ల కింద గదిలో పడేసినవి. దుమ్ము, చెమ్మ, అడుగున ఎక్కడో కలరా ఉండల ఘాటు. ఆయా ఒకటి పరిచి రెండోది దులిపేసరికి నాకు తుమ్ములు పట్టుకున్నాయి, ఆ తుమ్ముల వెనకాలే విమలమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. నిజం చెప్పాలంటే నేను అంత తేలిగ్గా ఎవరినీ తలుచుకునే రకం కాదు. ఈ ఊళ్ళో వారమంతా తిరిగి, ట్రాఫిక్‌లో కాళ్ళు తిమ్మిరెక్కి ఇల్లు చేరేవాడికి బతికున్న చుట్టాల పేర్లే సరిగ్గా గుర్తుండవు. కానీ దుమ్ముపట్టిన జంపఖానా కనబడితే మాత్రం ఆవిడ వచ్చి నా పక్కన నిలబడతారు. ఎందుకో చెప్పాలంటే ముందు మా పని ఏమిటో చెప్పాలి.

మేము టీచర్లకు పాఠాలు చెప్పేవాళ్ళం. లెక్కలూ సైన్సూ కాదు, పిల్లలతో ఎలా మసలుకోవాలన్నది. కోపం, భయం, సిగ్గు లాంటివి లోపల కదులుతున్నప్పుడు వాటిని గుర్తుపట్టి పేరు పెట్టి చెప్పుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలి? బడిలో ఏదైనా తప్పు జరిగితే దండించి చేతులు దులుపుకోకుండా, దానివల్ల ఎవరికి దెబ్బ తగిలింది, ఆ దెబ్బ మానాలంటే ఎవరు ఏం చెయ్యాలి అని, సంబంధమున్నవాళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఎలా మాట్లాడించాలి? ఇంగ్లీషులో వీటికి నోరు తిరగని పేర్లున్నాయి. బడుల్లో అందరూ క్లుప్తంగా సర్కిల్ అంటారు. అంతకుముందు నేను ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో, కొత్తగా చేరిన ఇంజనీర్లకు క్లయింట్లతో మర్యాదగా మాట్లాడటం నేర్పేవాణ్ణి. అక్కడ విసుగెత్తి, మనసుకు నచ్చిన పని చేద్దామని ఈ చిన్న సంస్థలో చేరాను. మనసుకు నచ్చిన పని కూడా నడుము విరగ్గొడుతుందని అప్పటికి నాకు తెలియదు. నన్ను విమలమ్మగారికి సహాయకుడిగా వేశారు.

ఆవిడది పాత బెంగళూరు తెలుగు కుటుంబం. పేటలో వాళ్ళ నాన్నకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేదట. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. రెండూ కలిసిపోయి ఆవిడ నోట్లో ఇంకో భాషలా వచ్చేవి. కార్పొరేషన్ బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. తొలి రోజుల్లో స్కేలు విరిగేదాకా పిల్లల్ని కొట్టానని చెప్పేవారు. ఆ సంగతి దాచుకునేవారూ కాదు, గొప్పగా చెప్పుకునేవారూ కాదు, ఏ బస్సు ఎక్కి వచ్చారో చెప్పినట్టు చెప్పేవారు. అనునయంగా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. చూస్తే మనసు గురించి పాఠాలు చెప్పే మనిషని ఎవరూ అనుకోరు, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని గొడవకు వచ్చినావిడ అనుకుంటారు. నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఏమప్పా, రా అప్పా, అంతే.

ఆవిడతో నేను వెళ్ళిన మొదటి బడి కాడుగోడిలో. రైల్వే స్టేషన్ దాటి, కూరగాయల అంగళ్ళు దాటి లోపలికి వెళితే ఇరుకైన మూడంతస్తుల ప్రైవేటు బడి. అపార్ట్‌మెంట్లలో పనిచేసేవాళ్ళ పిల్లలు, క్యాబులు నడిపేవాళ్ళ పిల్లలు, చాలామంది తెలుగువాళ్ళు. టీచర్లూ అంతే. వారమంతా అరిచి గొంతులు పోయిన ఆ టీచర్లు, ఇంటికి పోయి బట్టలుతుక్కోవాల్సిన వేళ ఈ శిక్షణేమిటన్నట్టు నాకేసి చూశారు. నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఓర్పు మీద చక్కటి స్లైడ్లు తయారుచేసుకుని వెళ్ళాను, రంగులూ బొమ్మలూ పెట్టి. విమలమ్మగారు నాకేసి చూడనైనా చూడకుండా ఆయాని పిలిచి జంపఖానాలు పరిపించారు. లైట్లు ఆర్పించి, ఫ్యాన్లు వేయించారు.

"పండుకోండమ్మా," అన్నారు. "అర్ధగంట."

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒకావిడ అనుమానంగా అడిగింది. "ఇది యాక్టివిటీనా మేడం? లేచాక ఏమైనా రాసివ్వాలా?"

"రాసేదేమీ లేదు. సుస్తైపోయి ఉండారు కదా. పండుకోండి."

మొదట ఒకరు చెప్పులు విడిచారు. తర్వాత ఇద్దరు. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పే జయంతి అనే టీచరు హ్యాండ్‌బ్యాగు తలకింద పెట్టుకుని, కొంగు మొహమ్మీదికి లాక్కుని, అందరికంటే ముందు నిద్రపోయింది. అరగంట అయ్యాక తక్కినవాళ్ళు లేచి జుట్టు సర్దుకున్నారు. జయంతి లేవలేదు. నేను లేపబోతే విమలమ్మగారు కళ్ళతోనే వద్దన్నారు. ఆమెకు ఇంట్లో మంచానపడ్డ అత్తగారు, బడి అయ్యాక ట్యూషన్లు, రాత్రి వంట అని పక్క టీచరు మెల్లగా చెప్పింది. ఆమె చుట్టూ కుర్చీలు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. నా స్లైడ్లలో సగం మిగిలిపోయాయి.

బస్సులో నేను సణిగాను. "మేడం, పాఠం చెప్పడానికి పిలిచారు మనల్ని. జోలపాట పాడటానికి కాదు."

"నిలబడలేనోళ్ళకి ఓర్పు గురించి చెబితే యాడ ఎక్కుతుందప్పా? ముందు ఆ కాళ్ళకి కొంచెం సుఖం దొరకనీ."

ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. రానురాను ఏ బడికి వెళ్ళినా జంపఖానాల బాధ్యత నాదే అయింది. ఒకచోట పెద్దలెవరో తనిఖీకి వచ్చి, టీచర్లంతా గుర్రుపెడుతుంటే గుమ్మంలో నిలబడిపోయారు. విమలమ్మగారు వేలు పెదవుల మీద పెట్టి వాళ్ళను బయటికి పంపించారు. ఆ తర్వాత ఆఫీసులో మా ఇద్దరికీ పడ్డ చీవాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆవిడ మాత్రం చిత్రాన్నం డబ్బా మూత తీసుకుని, ఆ తిట్లన్నీ పక్కింటివాళ్ళకు తగిలినట్టు తాపీగా తిన్నారు.

మేం చెప్పినవి బడుల్లో ఎలా తయారయ్యేవో కూడా చెప్పాలి. అదే కాడుగోడి బడిలో ఒకసారి వరండాలో నడుస్తుంటే ఒక క్లాసులోంచి టీచరు గొంతు వినబడింది. "నోరు మూస్తారా, అందర్నీ సర్కిల్‌లో కూర్చోబెట్టమంటారా?" క్లాసు టక్కున నిశ్శబ్దమైపోయింది. గోడకుర్చీ వెయ్యమనడం పాతబడి, దాని స్థానంలోకి మా సర్కిల్ వచ్చింది. విమలమ్మగారు గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. నవ్వడం అయ్యాక కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "బేజారప్పా," అన్నారు. ఎంత నీళ్ళు పోసినా ఇంకిపోయే నేలలో పనిచేస్తున్నామని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. ఆ అలసట నాకు ఇప్పటికీ తీరలేదు.

అలాంటి రోజుల్లోనే ఆ బడి ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. ఎనిమిదో తరగతిలో గీత అనే పిల్ల క్లాసులో నిద్రపోతూ ఉంటుందట. తల్లిది ఒక అపార్ట్‌మెంట్లో హౌస్‌కీపింగ్ పని, తెల్లారకుండానే వెళ్ళిపోతే, ఇంట్లో వంటా తమ్ముడూ గీతవే. ఒకరోజు టీచరు రెండుసార్లు లేపి, మూడోసారి తన సీసాలో నీళ్ళు ఆ పిల్ల నెత్తిమీద కుమ్మరించింది. క్లాసంతా నవ్వింది. మర్నాటినుంచి గీత బడికి రావడం మానేసింది. చదువు ఇష్టం లేకపోతే ఒకటో తారీఖునుంచి తనతోపాటు పనికి తీసుకుపోతానని తల్లి అంటోంది. "శుక్రవారం మా బడికి సాయం చేసే ట్రస్టువాళ్ళు వస్తున్నారు మేడం. వాళ్ళ ముందే సర్కిల్ పెట్టి సెటిల్ చేసేద్దాం. మీ ట్రైనింగ్ ఎంత బాగా పనిచేసిందో వాళ్ళూ చూస్తారు," అన్నారు ప్రిన్సిపాల్ హుషారుగా.

"నీళ్ళు పోసింది ఎవరమ్మా?" అని అడిగారు విమలమ్మగారు.

"జయంతి మేడం."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. "మన దగ్గర పండుకునిందే, ఆ జయంతేనా?" అని నన్ను అడిగారు. నేను అవునన్నాను. జవాబు తెలిసే అడిగారని నాకు తెలుసు.

శుక్రవారం మేం వెళ్ళేసరికి హాలు పెళ్ళిపందిరిలా ఉంది. కుర్చీలు గుండ్రంగా వేసి మధ్యలో ముగ్గు పెట్టి దీపం వెలిగించారు. వెనకాల బ్యానరు కట్టారు. మా సర్కిళ్ళలో ఏదో ఒక వస్తువు చేతులు మారుతుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, తక్కినవాళ్ళు వినాలి. అక్కడ ఆ వస్తువుగా మైకు పెట్టారు, ట్రస్టువాళ్ళకు వినబడాలని. జయంతి పట్టుచీర కట్టుకుని వచ్చింది, మొహంలో నెత్తుటి చుక్క లేదు. గీత జుట్టుకు నూనె పెట్టి, రెండు జడలు మడిచి కట్టారు. గీత తల్లి పని యూనిఫాం చీరలోనే వచ్చి అంచున కూర్చుంది. గీతను ఇంటినుంచి పిలిపించి రెండు రోజులుగా రిహార్సల్స్ చేయించారని ఆయా నా చెవిలో వేసింది. బెంగళూరు బడుల్లో రిహార్సల్ లేకుండా జెండా కూడా ఎగరెయ్యరు, కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు.

జయంతి మైకు తీసుకుని, నేర్పిన మాటలు అప్పజెప్పింది. తర్వాత మైకు గీత చేతికి వెళ్ళింది. ఆ పిల్ల ఒక్క తప్పు లేకుండా చెప్పింది. "టీచర్, నేను క్లాసులో నిద్రపోయి మీ మనసును గాయపరిచాను. నా భావాలను నేను గుర్తించాను. దయచేసి నన్ను క్షమించండి." ఎదురుగా ప్రిన్సిపాల్ పెదవులు అవే మాటలకు అలాగే కదులుతున్నాయి. ట్రస్టువాళ్ళు చప్పట్లు కొట్టారు. క్లాసు పిల్లలు కొట్టారు. నిజానికి నా చేతులు కూడా లేచాయి, అలవాటు అలాంటిది.

విమలమ్మగారు నిలబడ్డారు. "చాలమ్మా, ఇంక సాకు," అని గీత చేతిలోంచి మైకు తీసి పక్కన పెట్టారు. ట్రస్టువాళ్ళ వైపు తిరిగి, కింద కాఫీ తాగి రమ్మన్నారు. వాళ్ళు వెళ్ళాలో కూర్చోవాలో తెలియక ప్రిన్సిపాల్ మొహం చూశారు.

"మేడం, ప్రోగ్రాం మధ్యలో ఉంది," అన్నారు ప్రిన్సిపాల్.

"ప్రోగ్రాం అయిపోయిందమ్మా. బాగా చేసినారు. ఇప్పుడు నేను వచ్చిన పని చెయ్యాల."

అతిథులను నేనే కిందికి తీసుకువెళ్ళి కాఫీలు అప్పగించి పైకి వచ్చాను. అప్పటికి ఆవిడ క్లాసు పిల్లలను కూడా పంపేసి, కుర్చీ వదిలి, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి నేలమీద కూర్చుని ఉన్నారు. గీత ఎదురుగా నేలమీదే కూర్చుంది. జయంతి, ప్రిన్సిపాల్, గీత తల్లి కుర్చీల్లో బిగుసుకుపోయి ఉన్నారు.

"వాళ్ళు నేర్పించింది చెప్పినావు. ఆ దినం ఏమయిందో చెప్పు పాపా," అన్నారు విమలమ్మగారు.

గీత మాట్లాడలేదు. ఆవిడ తొందరపెట్టలేదు. అంత పొడుగు నిశ్శబ్దాన్ని భరించడం నావల్ల కాదు. ఏదో ఒకటి అనబోతే ఆవిడ నా కాలిమీద చెయ్యి వేసి ఆపారు. చివరికి గీతే మొదలుపెట్టింది, నేలకేసి చూస్తూ.

"నీళ్ళు పడినప్పుడు నాకేమీ తెల్లేదు మేడం. లేసి చూస్తే అందరూ నగుతా ఉండారు. ఎందుకు నగుతా ఉండారో తెల్లేదు. నేనూ నగినాను." కాస్త ఆగింది. "వాళ్ళు నగింది కాదు. నేనూ నగినాను కదా, అదే. ఇంటికి పోయినాక అదే గుర్తొస్తా ఉండాది."

గీత తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. జయంతి ఏడవడం మొదలుపెట్టింది. రిహార్సల్లో ఆమె ఏడవాల్సిన చోటు అంతకుముందే అయిపోయింది, అప్పుడామె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏడుస్తూనే అంది. "కోపంతో పొయ్యలేదు మేడం. అందరూ కోపం అనుకుంటున్నారు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను. అది డెస్క్ మీద తల పెట్టి ఎంత హాయిగా పడుకుందో చూశాను. నాకు ఈర్ష్య పుట్టింది. చిన్నపిల్లని చూసి ఈర్ష్య పడ్డాను మేడం."

గీత తలెత్తి టీచరు మొహం చూసింది. ఆ చూపులో క్షమించడం లాంటిది ఏదీ లేదు. ఇలాంటివి రాసేవాళ్ళు అక్కడ ఇద్దరూ కావలించుకున్నారని రాస్తారు. వాళ్ళు కావలించుకోలేదు. కానీ ఆ పిల్ల, చాలా రోజుల తర్వాత ఎవరో తనతో నిజం మాట్లాడారన్నట్టు చూసింది. నేను చూసినంతలో ఆ గదిలో ఆ రోజు జరిగిన మంచి అదొక్కటే.

"నీకేం కావాల పాపా?" అన్నారు విమలమ్మగారు.

"ఈ బడి వద్దు మేడం."

"చదువు?"

"చదువు కావాల."

ప్రిన్సిపాల్ ఉలిక్కిపడ్డారు. ఏడాది మధ్యలో టీసీ ఇవ్వడం కుదరదన్నారు, బడికి చెడ్డపేరన్నారు, కింద ట్రస్టువాళ్ళు ఉన్నారన్నారు. విమలమ్మగారు వాదించలేదు. "ఇచ్చేవరకు ఈడే కూసుంటాను," అని అలాగే నేలమీద ఉండిపోయారు. ఆ చిక్కు తెంచింది జయంతి. లేచి కళ్ళు తుడుచుకుని, "ఇచ్చేయండి మేడం. వాళ్ళింటి దగ్గర గవర్నమెంట్ స్కూలుంది. సోమవారం లీవు పెట్టి నేనే తీసుకెళ్ళి చేర్పిస్తాను. నా మీద ఏ యాక్షన్ తీసుకున్నా పర్వాలేదు," అంది. గీత తల్లి అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. ఆ బడి తనకు తెలుసనీ, చేర్చుకుంటామంటే పనిలోకి తీసుకుపోననీ అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

కాడుగోడి బడివాళ్ళు మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. ఆ సాయంత్రం బస్సులో నాకు లోపల ఏమీ మిగలలేదు. ఇన్నాళ్ళు చెప్పింది గాలికి పోయింది, పిల్ల బడి మారింది, మన సర్కిల్ నాటకమైంది, మనం ఓడిపోయాం అన్నాను. కాదని చెబుతారని ఆశపడ్డాను.

"ఓడిపోయినామనే అనుకో," అన్నారు ఆవిడ కిటికీకి తల ఆనించి. చాలా స్టాపులు దాటాక మళ్ళీ అన్నారు. "తప్పు నాదప్పా. పండుకోబెడితే లేసినాక ఆ మంచితనం వాళ్ళే పిల్లలకిస్తారని అనుకున్నాను. నా నెత్తిన నేనే పెట్టుకున్నాను ఆ నమ్మకాన్ని. అట్లా రాదు. తనకి సుఖం దొరికినోళ్ళకి అవతలివాళ్ళు గుర్తుకి రారు. మనం అడగాల."

ఆ తర్వాతి శిక్షణలోనూ టీచర్లను పడుకోబెట్టారు. లేచి, మొహాలు కడుక్కుని, ప్రసన్నంగా వచ్చి కూర్చున్నాక ఆవిడ అడిగారు. "మీ క్లాసులో నిద్రపోయే పిల్ల పేరు చెప్పండి." అంతే. అది ఎందుకో చెప్పలేదు, ఓర్పు గురించి ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కరూ చెప్పేదాకా కూర్చున్నారు. కొందరికి పేరు వెంటనే వచ్చింది. కొందరికి రోల్ నంబరే గుర్తుంది, పేరు లేదు. ఒకావిడ చెప్పబోయి, ఆ పిల్లని తను పిలిచే ఎగతాళి పేరు నోటికొచ్చి, మధ్యలో ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూశాక నేను స్లైడ్లు తెరవడం మానేశాను.

జబ్బుపడక ముందు విమలమ్మగారు ఒకసారి గీత చేరిన గవర్నమెంట్ బడికి వెళ్ళారు. లోపలికి వెళ్ళలేదట, కిటికీలోంచి చూసి వచ్చేశారట.

"ఎలా ఉంది మేడం?" అన్నాను.

"పండుకోనుండాది. ఫస్ట్ పీరియడ్."

"మరి టీచరు?"

"చూసింది. లేపలేదు. గొంతు తగ్గించి పాఠం చెప్పుకుంటా పోయింది." ఆ మాట చెప్పి ఆవిడ ఇంకేదో పనిలో పడ్డారు. ఆ పిల్ల ఆ బడిలోనే పదో తరగతి దాకా చదివిందని మాత్రం తర్వాత జయంతి నాకు చెప్పింది.

ఆవిడ పోయాక ఆ ప్రశ్న నాకు మిగిలింది. ఆవిడంత బాగా అడగలేను. నా గొంతులో ఇప్పటికీ కంపెనీ మర్యాద ఉంటుంది. మొన్న ఆ యలహంక బడిలో అడిగితే, కొత్తగా చేరిన ఒకమ్మాయి, "మా క్లాసులో అలాంటివాళ్ళు ఎవరూ లేరు సార్," అంది. మామూలుగానైతే సరేలెమ్మని పక్కావిడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. అలసిపోయినవాడికి ఆ దారే సుఖం. కానీ ఆగాను. నిశ్శబ్దం నాకు ఇప్పటికీ ఒంటికి పడదు. అయినా ఆగాను. చాలాసేపటికి ఆ అమ్మాయి, "షబానా," అంది. చెప్పి తన చేతులకేసి చూసుకుంది. ఆ చేతులు ఏం చేశాయో నేను అడగలేదు.

ఆ షబానా ఎవరో నాకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. సోమవారం పొద్దున ఆ పిల్ల బల్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ టీచరు ఒక్క క్షణం ఆగుతుందని నమ్మి ఇంటికి వచ్చాను. ఆగిందో లేదో ఎవరూ వచ్చి చెప్పరు. విమలమ్మగారికీ ఎవరూ చెప్పలేదు. అయినా నమ్ముతాను, నమ్మకపోతే వచ్చే శనివారం మంచం మీంచి లేవలేను.